జావగుంట

ఒక రాజు తన రాజ్యంలో చరిత్ర ఏ రోజు నుంచి మొదలవుతుందో నిర్ణయించాడు. తాను గద్దె ఎక్కిన రోజు నుంచి.

అంతకుముందు ఆ కొండల్లో రాత లేదు. రాజు నది అవతల నుంచి ఒక లేఖకుణ్ణి పిలిపించాడు. లేఖకుడు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరేం చెప్పబోయినా ముందు "ఎప్పుడు?" అని అడిగేవాడు. గద్దె తరవాతి సంగతైతే తాటాకు మీద రాసుకునేవాడు. అంతకు ముందుదైతే గంటం పక్కన పెట్టి, "అది చరిత్రపూర్వం" అనేవాడు.

జనం ఆ మాట అదే మొదటిసారి వినడం. నోటికి కొత్తగా ఉంది, అనడానికి బాగుంది. కొన్నాళ్ళకే అది అందరి నోళ్ళలోనూ పడింది. కోడలు అత్త కాచిన పులుసు చూసి "చరిత్రపూర్వం" అంది. అత్త కోడలి పుట్టింటివాళ్ళ మర్యాదలు తలుచుకుని అదే మాట తిప్పి అంటించింది. ముసలి ఎద్దు చరిత్రపూర్వం, అరిగిన చెప్పులు చరిత్రపూర్వం, పోయినేడు మోజుపడి చుట్టుకున్న రంగు తలపాగా కూడా చరిత్రపూర్వమే.

"పుంజునిస్తానని నిన్న మాటిచ్చావు కదరా" అని ఒకడు కల్లుపాక దగ్గర నిలదీశాడు.

"నిన్నటిదా? అది చరిత్రపూర్వం మావా" అన్నాడు రెండోవాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో కాస్త కంగారు కూడా ఉంది. ముందు అన్నవాడు గట్టెక్కుతాడు, ఆలస్యం చేసినవాడి మీద ఆ మాట వచ్చి పడుతుంది. అందుకని ఎవరికి వాళ్ళు పాతవి వదిలించుకోసాగారు. కుండలు పగిలాయి, పాటలు ఆగాయి. తాతలు మాట్లాడబోయి, చుట్టూ చూసి, దగ్గి ఊరుకునేవారు.

ఊరి చివర, పెద్ద బండకు దగ్గరలో ఒక అవ్వ ఉండేది. ఆమెకు మతిమరుపు మొదలైంది. మొదలైందని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే ఆమెను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. పొయ్యి మీద కుండ పెట్టి ఎందుకు పెట్టానా అని నిలబడిపోయేది. పక్కింటావిడ పేరు పెదాల దాకా వచ్చి వెనక్కి పోయేది. రోజూ లేవగానే ఇంట్లో వస్తువులు తడుముకుంటూ ఒక్కొక్కదాని పేరూ పైకి చెప్పుకునేది. చేట. జల్లెడ. రోకలి. అన్నీ ఉన్నాయన్న ధైర్యం చిక్కాక బండ దగ్గరికి బయల్దేరేది.

ఆ బండ నిండా గుంటలే. ఆ కొండవాళ్ళకు ఒక ఆచారం ఉండేది. బిడ్డకు పళ్ళు వచ్చే వేళకు తల్లి బండ మీద తనకు నచ్చిన చోటు చూసుకుని, నానబెట్టిన కొర్రలు పోసి, గుండ్రాయితో తిప్పి తిప్పి నూరి, జావ కాచి తాగించేది. బిడ్డ పెద్దవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టేదాకా రోజూ అదే చోట నూరేది. రాయి మెత్తనిది. గుండు తిరిగిన చోట గుంట పడేది.

నూరేటప్పుడు తల్లి బిడ్డకు ఒక చిన్న పేరు పెట్టుకునేది. ఈక, బొట్టు, మొలక, గువ్వ, అలాంటివి. గుండు తిరిగినంతసేపూ దాన్ని లోలోపల అనుకుంటూ ఉండేది. దాన్ని జావపేరు అనేవారు. పక్కన కూర్చున్న మనిషికి కూడా అది వినపడకూడదు, బిడ్డకు దిష్టి తగులుతుంది. ఏ గుంట ఎవరిదో కూడా ఎవరూ బయటికి అనేవారు కాదు. బిడ్డ ఎదిగాక పెద్దపేరు వచ్చేది. జావపేరు తల్లి దగ్గరే ఉండిపోయి తల్లితోనే పోయేది.

అవ్వకు ఒక్కతే కూతురు. అడుగులు పడకముందే జ్వరంతో పోయింది. అది రాజు గద్దె ఎక్కడానికి చాలా ముందు సంగతి. ఆ బిడ్డ గుంట బండ అంచున, సన్నటి పగులు పక్కన ఉంది. లోతు లేదు. మూడువేళ్ళ కొసలు మాత్రం పడతాయి. బిడ్డ ముఖం అవ్వకు ఎప్పుడో చెరిగిపోయింది. ఇప్పుడు పేరు కూడా ఇంట్లో ఉండగా గుర్తుకు రావడం మానేసింది. కానీ ఆ గుంటలో మూడువేళ్ళూ పెట్టి ఒకసారి తిప్పితే నోరు దానంతటదే కదిలేది.

నలుసు.

అదీ బిడ్డ పేరు. అది వినపడ్డాక అవ్వ లేచి, చీర దులుపుకుని, ఇంటికి పోయేది. ఆ పూటకు నిశ్చింత. మళ్ళీ తెల్లారేసరికి అదే భయం.

రాతలో పడింది పోదని ఎవరో అంటుంటే విని, అవ్వ ఒకరోజు బండ దగ్గర్నుంచి తిన్నగా లేఖకుడి దగ్గరికి వెళ్ళింది. బిడ్డ పేరు పరాయివాడి ముందు అనకూడదు. అయినా అనకపోతే తన లోపలే ఆరిపోతుంది. దారి పొడుగునా ఈ రెండింటి మధ్యా కొట్టుకుని, చివరికి తెగించింది.

"నా కూతురు పేరొకటి రాసి పెట్టు నాయనా" అంది.

"ఎప్పుడు పుట్టింది?"

"చాలా కాలమైంది. పోయింది కూడా."

"గద్దెకు ముందా, తరవాతా?"

"అప్పుడు గద్దె ఎక్కడిది? రాజు ముక్కు చీదుకుంటూ ఆ బండ మీదే పాకేవాడు."

లేఖకుడు నవ్వాపుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. "అది చరిత్రపూర్వం అవ్వా" అన్నాడు మెల్లిగా.

"అంటే ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. రాత లేదు కదా."

"నా పిల్ల ఉండింది నాయనా."

"నేను కాదనను. కానీ రాయలేను."

అవ్వ తిరిగి వస్తుంటే కాళ్ళు బండ వైపే లాగాయి. గుంటలో వేళ్ళు పెట్టి తిప్పింది. పేరుంది. ఉందని తెలిసినా ఆ పూట లేచి ఇంటికి పోబుద్ధి కాలేదు.

తరవాత రాజుకు ఒక శాసనం చెక్కించాలని బుద్ధి పుట్టింది. తాటాకు చెదలు తింటుంది, రాయి తినదు. ఊరంతటికీ కనపడే రాయి కావాలి. ఊరంతా వెతికితే అంత వెడల్పు రాయి ఒక్కటే ఉంది. గుంటల బండ. రాతిపనివాళ్ళు వచ్చి కొలిచారు. గుంటల మీద అక్షరాలు నిలవవు కాబట్టి, లోతైన గుంట అడుగు దాకా బండను చెక్కి సమం చెయ్యాలన్నారు.

ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరూ వద్దనలేదు. అంటే చరిత్రపూర్వం అన్న మాట తమ మీద పడుతుందని భయం. కానీ ఉలి పడే ముందు రోజు ఒక్కొక్కరే బండ మీదికి వచ్చారు. ఒకామె పుల్లలు ఏరుతున్నట్టు, ఒకామె పోయిన ముక్కుపుడక వెతుకుతున్నట్టు. వంగి, తమ గుంటలో ఒకసారి చెయ్యి ఆనించి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయారు. అవ్వ మాత్రం పగులు పక్కన కూర్చుని లేవలేదు.

మర్నాడు పని మొదలవుతుందనగా రాజే వచ్చాడు. బండ మీద అటూ ఇటూ తిరిగాడు. ఆయన కూడా ఆ కొండలో పుట్టినవాడే. ఊహ తెలియకముందే తల్లి పోయింది. ఆయన గురించి రాసిన ఆకులన్నీ గద్దె దగ్గరే మొదలవుతాయి. ఆ ఆకులు చదివించుకున్న ప్రతిసారీ మొదట్లో ఏదో తెగిపోయినట్టు ఆయనకు అనిపించేది. ఎవరికీ చెప్పలేదు.

"నాది కూడా ఒకటి ఉండాలే ఇక్కడ" అన్నాడు.

లేఖకుడు తల దించుకున్నాడు. "అది చరిత్ర..." అని మొదలుపెట్టి మింగేశాడు.

"నా తల్లితో కూర్చుని నూరినవాళ్ళెవరైనా మిగిలారా?"

ఒక్క అవ్వే మిగిలింది. పిలవడానికి దూరం కూడా పోనక్కర్లేదు, అక్కడే కూర్చుని ఉంది.

"అవ్వా, నాది ఏ గుంట? చూపించు. దాన్ని ఉంచి మిగతావి కొట్టిస్తాను. శాసనం దాని దగ్గరే మొదలుపెడదాం."

 రాజు గుంట అవ్వకు తెలుసు. తన బిడ్డ గుంటకు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. మణికట్టు దిగేంత లోతు. వాడు ఎంతకీ కంచం దగ్గరికి రాక జావ కోసమే ఏడుస్తుంటే, వాళ్ళమ్మ విసుక్కుంటూ నవ్వడం కూడా గుర్తుంది. ఆ రోజు అన్నీ గుర్తున్నాయి. గుర్తుండకపోతే బాగుండునని ఆమెకు అనిపించిన రోజు అదొక్కటే.

మూడువేళ్ళు చాపి పగులు పక్కనున్న చిన్న గుంటలో పెట్టింది.

"ఇదేనయ్యా."

రాజు వంగి చూశాడు. "ఇంతేనా? లోతే లేదు."

"నువ్వు జావ మానేసి తొందరగా ఎదిగావు నాయనా."

వెంట వచ్చినవాళ్ళంతా ఆహా అన్నారు. ఒకడు ఆ మాట శాసనంలో వెయ్యాలన్నాడు. ఇంకొకడు, రాజుగారికి గుంట కూడా అవసరం లేకపోయిందంటే చూడండి అన్నాడు. ఒక బంటు మాత్రం అవ్వ మీద కళ్ళెర్రజేశాడు. "నాయనా ఏంటి? రాజుగారూ అను."

"వాడికి ముడ్డి కడిగినదాన్నిరా నేను" అంది అవ్వ. రాజు నవ్వాడు. అందుకని అందరూ నవ్వారు.

"మా అమ్మ నన్నేమని పిలిచేది?" అని అడిగాడు రాజు, నవ్వు ఆగాక.

"అది తల్లికే తెలుసు. పక్కన కూర్చున్నా మాకు వినపడదు."

అది నిజమే. రాజు గుంట పక్కన ఒక పేరు పట్టేంత జాగా ఖాళీగా ఉంచమన్నాడు.

"మరి మిగతావి?" అడిగాడు రాతిపనివాడు.

లేఖకుడు కొట్టెయ్యమన్నట్టు చెయ్యి మాత్రం ఊపాడు. ఉలి మొదట ఆ లోతైన గుంట అంచునే పడింది.

బండ నున్నగా అయింది. దాని మీద బిరుదులు, యుద్ధాలు, చెరువులు, దానాలు వరసలు వరసలుగా చెక్కారు. ఒక మూల, చెక్కకుండా వదిలిన అంచు మీద చిన్న గుంట, దాని పక్కన ఖాళీ జాగా. జనం వచ్చి ఆ గుంటలో పాలు పోసి దండం పెట్టుకునేవారు. చెయ్యి పెట్టకుండా ఒక బంటును కాపలా ఉంచారు. అవ్వకు మాత్రం అడ్డు లేదు. చూపించింది ఆమె కాబట్టి.

ఆమె పాలు తుడిచి, వేళ్ళు పెట్టి తిప్పి, లోపల్లోపల పేరు విని వెళ్ళిపోయేది. మొదట్లో దారిలో తనలో తనే నవ్వుకునేది. ఆడవాళ్ళెవరైనా ఎదురైతే ఆ నవ్వు ఆగిపోయేది. వాళ్ళ గుంటలు పోయాయి. తనది మిగిలింది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, పెళ్ళివారు, బాటసారులు ఆమెను అడిగేవారు. "రాజుగారి గుంట అని నీకెలా తెలిసింది అవ్వా?" ఆమె చెప్పేది. చెప్పిన కొద్దీ కథ పెరిగింది. రాజు తల్లి ఆకుపచ్చ చీరలో పగులు పక్కన కూర్చుంది. రాజు తల్లి గుండ్రాయి జారి పగులులో పడింది. రాజు తల్లి దాన్ని పుల్లతో బయటికి తీసింది. ఆ ఆకుపచ్చ చీర నిజానికి అవ్వదే. జారింది అవ్వ గుండ్రాయే. అయితే ఆ సంగతి తెలిసింది ఒక్క అవ్వకే, ఆ ఒక్క మనిషీ రోజుకింత మరిచిపోతూ వచ్చింది.

అలా మరిచిపోతున్నంతకాలం ఏదో ఒకటి జారిపోతోందని మాత్రం ఆమెకు తెలుస్తూనే ఉండేది. వీధిలో నడుస్తూ ఆగి, కొంగు ముడి విప్పి చూసుకునేది. ఖాళీగా ఉండేది. మళ్ళీ ముడి వేసుకుని నడిచేది. చేట పేరు పోయింది. జల్లెడ పేరు పోయింది. రెండింటినీ "అదే, ఇదే" అనేది.

ఒకరోజు ఆమె బండ మీదికి వచ్చి చిన్న గుంట వైపు చూడలేదు. బోర్లా వంగి, నున్నటి రాయి మీద అరచేతులతో తడమడం మొదలుపెట్టింది. ఒక వరస తడిమింది, ఇంకో వరస తడిమింది. అక్షరాల గీతలు అరచేతికి తగిలి గీరుకుంటున్నాయి.

"ఏం పోయింది అవ్వా?" అన్నాడు బంటు.

"గుంట."

"ఏ గుంట?"

"నాదొకటి ఉండాలి. చిన్నది. ఇక్కడే."

"ఇక్కడున్నది రాజుగారిదొక్కటే కదే. మిగతావన్నీ చరిత్రపూర్వం అయిపోలా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె ముఖం చూసి అతనూ ఆపేశాడు. "లే అవ్వా, ఎండెక్కుతోంది. చేతులు కొట్టుకుపోతున్నాయి."

"కొట్టేశారా? నాదీ కొట్టేశారా?"

"అందరివీ కొట్టేశారు. నువ్వు చూస్తుండగానే."

అవ్వ ఇంకాసేపు తడిమి, ఓపిక అయిపోయి పగులు పక్కన చతికిలపడింది. కుడిచెయ్యి పక్కకు జారింది. మూడువేళ్ళు చిన్న గుంటలో పడ్డాయి. అవి అక్కడ ఊరుకోలేకపోయాయి. మెల్లగా తిరిగాయి.

"నలుసు" అంది అవ్వ. పైకే అంది. ఇన్నేళ్ళలో దాచుకోవాలన్న సంగతి కూడా ఆమె మరిచిపోయింది.

"ఏమన్నావు?"

"నలుసు. నలుసు."

"కంట్లో పడిందా?"

"కాదు. పేరు."

"ఎవరి పేరు?"

అవ్వ గుంట వైపు చూసింది.  "ఈ గుంటది" అంది.

"ఈ గుంట ఎవరిది అవ్వా?" బంటు గొంతు మారింది.

"రాజుది కదూ" అంది ఆమె, సరిగ్గా చెప్పానా అన్నట్టు అతని ముఖంలోకి చూస్తూ. "అందరూ అంటారుగా."

బంటు పరుగెత్తాడు. లేఖకుడు వచ్చాడు, వెనకే రాజు కూడా వచ్చాడు. ఆమెను మళ్ళీ వేళ్ళు పెట్టమన్నారు. పెట్టింది. అదే పేరు వచ్చింది. వేళ్ళు తీసి అడిగితే తెలియదంది. పెడితే మళ్ళీ వచ్చింది. అందులో మోసమేమీ లేదని చూసినవాళ్ళందరికీ తెలిసిపోయింది.

వెంట ఉన్న పెద్దమనిషొకడు గొంతు సవరించుకున్నాడు. "అంతటి ప్రభువును నలుసు అనడమేమిటి? శాసనంలో బాగుండదు. రత్నం అనో, కిరణం అనో..."

రాజు అతన్ని మాట్లాడనివ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. రెండు మాత్రమే పట్టాయి.

"నలుసు అనేదా మా అమ్మ" అన్నాడు. ఇంకొంచెం సేపటికి, "నాకు గుర్తులేని రోజుల్లో నేను అదే అన్నమాట" అన్నాడు. తల ఎత్తకుండానే చెక్కమన్నాడు.

లేఖకుడు ఆ ఖాళీ జాగాలో సుద్దతో పేరు గీశాడు. గీస్తుంటే, ఎప్పుడో ఇలాంటిదే ఒకటి రాయమని ఎవరో తన దగ్గరికి వచ్చినట్టు అనిపించింది. ఎవరో గుర్తు రాలేదు. రాసుకోలేదు కదా.

రాజు అప్పటినుంచి చరిత్రపూర్వం అన్న మాట వాడలేదు. రాజు వాడకపోయేసరికి జనానికి కూడా అందులో పస పోయింది. అది కూడా పోయినేటి తలపాగాలా మూలపడింది.

చదువు రానివాళ్ళ కోసం ప్రతి పున్నమి పగలూ శాసనాన్ని పైకి చదివి వినిపించేవారు. ఆ నెల కూడా జనం బండ చుట్టూ చేరారు. అవ్వను ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. లేఖకుడు బిరుదులు చదివాడు, యుద్ధాలు చదివాడు, చెరువులు చదివాడు. జనం ఆవులించారు. చివర, గొంతు కాస్త తగ్గించి చదివాడు.

"తల్లి పెట్టిన జావపేరు నలుసు. ఈ పేరు, ఈ గుంట, ఈ రాయి ఉన్నంతకాలం ఉండుగాక."

అవ్వ తల ఎత్తింది. పక్కనున్న ఆడమనిషి భుజం తట్టింది.

"ఎవరి పేరమ్మా అది?"

"రాజుగారిది అవ్వా. నువ్వేగా చెప్పింది."

"నేనా?" అవ్వ ఆలోచించింది. ఏమీ తగలలేదు. అయినా మొదటిసారిగా ఆమె ముఖం కుదుటపడింది. "బాగుంది పేరు" అంది. "ఎవరో కానీ, పాపం, చాలా ముద్దుగా పెట్టుకున్నారు."

జనం లేచి వెళ్ళిపోతున్నారు. అవ్వ అక్కడే కూర్చుంది. ఒళ్ళో ఆమె కుడిచెయ్యి, మూడువేళ్ళు దగ్గరికి చేర్చుకుని, ఎడమ అరచేతిలో మెల్లగా తిరుగుతూనే ఉంది.